మన్ను మోసిన ఊరు: సెన్ సఫోరెన్ ద్రాక్షపల్లె కథ

ద్రాక్షసారాయం మాట ఎత్తగానే మన ఇళ్ళలో పెద్దలు కొందరు ముఖం చిట్లించుకోవడం కద్దు. అట్టివారికి ముందుగానే ఒక మనవి. మేమిక్కడ పానీయాన్ని పొగడబోవడం లేదు. ఒక తీగను నమ్ముకొని, నిట్టనిలువు కొండను తొమ్మిది వందల ఏళ్ళుగా వదలకుండా పట్టుకొని ఉన్న ఒక చిన్న పల్లెను గురించి చెప్పదలచుకున్నాము. ఆ పల్లె ఏమి నిలుపుకొన్నది, ఎట్లా నిలుపుకొన్నది, ఏమి పోగొట్టుకొన్నది అన్న మూడు సంగతులూ, తాతల నాడే ఊరు విడిచి వచ్చి పరభాషల నడుమ స్థిరపడిన మనవంటి కుటుంబాలవారు తెలుసుకోదగినవని మా నమ్మకం.

ఊరూ, ఉనికీ

స్విట్జర్లాండు దేశపు పడమటి కొసన నెలవంక ఆకారంలో జెనీవా సరస్సు ఉన్నది. ఒడ్డున నివసించేవారు దానిని లేమాన్ అని పిలుస్తారు. దాని ఉత్తరపుటొడ్డున, లోజాన్ నగరపు పొలిమేర మొదలుకొని తూర్పున షియోన్ కోట సమీపం వరకు, సుమారు 30 కిలోమీటర్ల పొడవున కొండవాలు అంతా ద్రాక్షతోటలే. ఈ సీమకు లవో అని పేరు. మనకు రాష్ట్రాలు ఉన్నట్లు అక్కడ కాంటన్లు ఉన్నవి. లవో ఉన్న కాంటన్ పేరు వో. అక్కడి ప్రజల భాష ఫ్రెంచి. యానాం పాఠకులకు ఈ పేర్ల ఉచ్చారణ మాకంటె బాగా తెలిసి ఉంటుంది, తప్పులుంటే మన్నించగలరు.

క్యుయీ, ఎపెస్, రివాజ్ మొదలైన పల్లెలు ఈ వాలు పొడవునా అక్కడక్కడ గుంపుకట్టి కనిపిస్తవి. వాటిలో వెవే పట్టణానికి పడమరగా నాలుగైదు కిలోమీటర్ల దూరాన ఉన్నది సెన్ సఫోరెన్. జనాభా నాలుగు వందలకు అటూ ఇటూ. ఇండ్లన్నీ ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్లు ఇరుకుగా ఉంటవి. నడుమ రాళ్ళు పరచిన సందులు, మెట్లు. అంత ఇరుకున ఎందుకు కట్టుకొన్నారంటే, పెరటికి వదిలే జాగా తీగకు దక్కుతుందని. ఊరి నడిమిని గుడిగోపురం వలె ఒక పాత చర్చి గంటస్తంభం. దిగువన సరస్సు, ఎగువన మెట్లు మెట్లుగా తోటలు, సరస్సుకు ఆవల మంచుకప్పిన ఆల్ప్సు కొండలు. చిత్రకారులు ఈ గంటస్తంభాన్ని ఎన్నోసార్లు చిత్రించారు.

మైలురాయి సాక్ష్యం

ఊరి ప్రాచీనతకు సాక్ష్యం ఆ చర్చిలోనే ఉన్నది. అదొక రోమను మైలురాయి. క్లాడియస్ చక్రవర్తి ఏలుబడిలో, క్రీ.శ. 47లో నాటినది. నేటి మార్తిన్యీ పట్టణం నుంచి అక్కడికి 37 రోమను మైళ్ళని దాని మీద చెక్కి ఉన్నది. ఇటలీ నుంచి గ్రాన్ సెన్ బెర్నార్ కనుమ దాటి, మార్తిన్యీ, వెవేల మీదుగా లోజాన్ వైపు పోయే రాజమార్గం ఈ కొండ అంచుననే సాగేది. అనగా ఈ పల్లె మూలన పడి ఉన్న ఊరు కాదు. దండులు, వర్తకులు, యాత్రికులు నడచిన బాట మీది ఊరు.

చర్చి అడుగున రోమను నాటి కట్టడపు ఆనవాళ్ళు బయటపడ్డవి. దానిపైన తొలినాటి ప్రార్థనాలయం, దానిపైన 1520 ప్రాంతంలో లోజాన్ బిషప్పు కట్టించిన నేటి చర్చి. సింఫోరియన్ అనే పుణ్యపురుషుని పేరిట వెలసినది గనుక, ఆ పేరే నోళ్ళలో నలిగి సఫోరెన్ అయినది. మన ఊళ్ళ పేర్లు ఎన్ని ఇట్లా నలిగి మారలేదు!

మతగురువులు కట్టించిన మెట్లు

ద్రాక్ష ఆ సీమకు పాతదే అయినా, నేడు మనం చూసే కొండ రూపం మఠాలవారు దిద్దినది. 11వ శతాబ్దం నుంచి బెనిడిక్టిను, సిస్టర్షియను మఠాలకు ఇక్కడ భూములు ఉండేవి. లోజాన్ బిషప్పుల ప్రాపున సిస్టర్షియను సన్యాసులు 12వ శతాబ్దంలో, నేడు దెజలే అని ప్రసిద్ధికెక్కిన వాలును సాగులోకి తెచ్చారు. అప్పటికి అది పొదలు, బండలు తప్ప మరేమీ లేని చోటు. సన్యాసులూ, వారి రైతులూ పొదలు నరికి, బండలు పగులగొట్టి, ఆ రాళ్ళతోనే అడ్డగోడలు కట్టి, గోడ వెనుక మన్ను నింపి మడులు చేశారు. ఒక మడి మీద ఒక మడి. కొన్ని చోట్ల సరస్సు ఒడ్డు నుంచి నలభై వరుసల దాకా గోడలు లెక్కకు వస్తవట. అన్నిటినీ కలిపి కొలిస్తే 400 కిలోమీటర్లకు పైబడునని అంచనా కట్టారు.

గోడ ఒకసారి కడితే సరిపోదు. కొండవాలున వాన కురిస్తే నీరు మట్టిని ఈడ్చుకొని పోతుంది. అందుకని మడుల నడుమ రాతి కాలువలు, మెట్లదారులు అమర్చారు. వానరోజున ఆ మెట్లే కాలువలు. అయినా మట్టి జారక మానదు. జారిన మట్టి మడి అడుగున చేరేది. చలికాలంలో, తోటలో వేరే పని తక్కువగా ఉన్నప్పుడు, రైతు ఆ మట్టిని పారతో ఎత్తి, వీపున కట్టుకొన్న బుట్టలో నింపి, మెట్లెక్కి మడి పైకొసన మరల పోసేవాడు. మరుసటి ఏడు వాన మరల దించేది. అతడు మరల మోసేవాడు. తండ్రి మోసిన మట్టినే కొడుకూ, మనుమడూ మోశారు. అక్కడి నేలను వారసత్వంగా పొందడమంటే ఈ బుట్టను కూడా పొందడమే.

ఏలికలు మారారు. 1536లో బెర్ను నగరంవారు వో సీమను జయించి, ప్రొటెస్టెంటు మతాన్ని ప్రవేశపెట్టారు. మఠాల ఆస్తులు చేతులు మారినవి. బిషప్పు పరారీ అయినాడు. 1798లో బెర్ను పెత్తనమూ పోయినది. లోజాన్ నగరపాలక సంస్థకు నేటికీ దెజలేలో సొంత తోటలు ఉన్నవి. ఆ సరుకును ఏటేటా వేలం వేయడం అక్కడి ఆచారం. ఇన్ని మార్పులలోనూ మారనిది మట్టిబుట్ట ఒక్కటే.

మూడు సూర్యులు

ఇంత కష్టపడి ఆ కొండనే ఎందుకు అంటిపెట్టుకొన్నారని పాఠకులు అడుగవచ్చును. దానికి అక్కడివారు చెప్పే సమాధానం ముచ్చటగా ఉంటుంది. తమ తోటకు ముగ్గురు సూర్యులున్నారంటారు. మొదటివాడు ఆకాశాన ఉన్నవాడు. వాలు దక్షిణానికి తిరిగి ఉన్నది గనుక పగలెల్లా ఎండ తగులుతుంది. రెండవవాడు సరస్సులో ఉన్నవాడు. నీటి మీద పడిన వెలుగు ఎదురుతిరిగి ఆకుల మీద పడుతుంది. మూడవవాడు గోడలో ఉన్నవాడు. పగలంతా తాగిన వేడిని రాయి రాత్రివేళ మెల్లగా విడిచిపెడుతుంది. అంత చలిదేశంలో ద్రాక్ష పండడానికి ఈ ముగ్గురూ కావలసినవారే.

ఇక్కడ ప్రధానంగా పండేది షాస్‌లా అనే తెల్లద్రాక్ష. కొన్ని దేశాలలో దీనిని పండుగా తింటారు. ఇక్కడ రసం పిండి పులియబెడతారు. ఈ రకం ఎక్కడిదన్న దానిపై పలు వాదాలు ఉండేవి. దాని పుట్టిల్లు లేమాన్ సరస్సు పరిసరాలే కావచ్చునని 2009లో వెలువడిన జన్యు పరిశోధన సూచించినది. విశేషమేమంటే, స్విస్ సారాయంలో దేశం దాటి పోయేది నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే; మిగిలినదంతా వారే వాడుకొంటారు. అందువల్లనే ఇంతటి పాత సీమ పేరు బయటి లోకానికి అంతగా తెలియదు.

ఏడాది పొడవునా పని తీరు మన రైతుకు కొత్తగా తోచదు. చలికాలం చివర తీగ కత్తిరింపు. వసంతంలో చివుళ్ళు కట్టడం. మే, జూన్ నెలలలో అక్కరలేని కొమ్మలూ ఆకులూ తుంచడం. సెప్టెంబరు, అక్టోబరులలో కోత. ఆకు తుంచే పని ఒకప్పుడు ఆడవారిది. సరస్సుకు ఆవలనున్న సవోయ్ సీమ నుంచి, ఆల్ప్సుకు ఆవలనున్న అవోస్తా లోయ నుంచి, ప్రతి ఏడూ స్త్రీలు గుంపులుగా వచ్చి ఆ కొద్ది వారాలు పనిచేసి పోయేవారు. నాట్లకూ కోతలకూ పొరుగు తాలూకాల నుంచి మన వైపు వచ్చే కూలి ముఠాలు ఇక్కడ జ్ఞప్తికి రాక మానవు. కోతనాడు పండ్లను వీపుతొట్లలో మోసుకొని మెట్లు దిగేవారు. 20వ శతాబ్దం చివరి భాగంలో ఒంటికమ్మీ మీద పాకే చిన్న బండ్లు వచ్చి, మోత కొంత తగ్గించినవి. అయినా ఆ ఇరుకు మడులలోకి పెద్ద యంత్రం దిగదు. నేటికీ చాలా పని చేతిదే.

కూలివానికి కిరీటం

ఈ సీమలో మాకు అన్నిటికంటె నచ్చిన సంగతి ఒకటున్నది. తోటలు కలవారు చాలామంది పట్టణాలలో ఉండేవారు. తోటపని గుత్తకు తీసుకొని చేసేవారు వేరు. పని సరిగా సాగుతున్నదా లేదా అని చూడడానికి వెవే పట్టణంలో ఒక సంఘం ఏర్పడినది. 17వ శతాబ్దం నాటికే అది ఉన్నది. పరీక్షకులు తోట తోటా తిరిగి, కత్తిరింపు ఎట్లా ఉన్నది, గోడ ఎట్లా ఉన్నది, మన్ను ఎట్లా ఉన్నది చూసి మార్కులు వేస్తారు. ఆరంభంలో ఇది యజమానుల లాభం కోసం పెట్టిన తనిఖీయే అనడంలో సందేహం లేదు. కాని క్రమంగా తప్పులు పట్టడంతో పాటు, బాగా చేసినవానిని సన్మానించడమూ ఆచారమైనది.

1797లో ఈ సన్మానం నలుగురి ఎదుట వేదిక మీద ఉత్సవంగా జరిగినది. ఉత్తమ పనివారి తలకు కిరీటం పెట్టారు. యజమానికి కాదు, బిషప్పుకు కాదు, సేనానికి కాదు; మట్టి మోసినవానికి! అదే తోటమాలుల ఉత్సవం. నాటి నుంచి నేటి వరకు అది జరిగినది పన్నెండు సార్లు మాత్రమే: 1797, 1819, 1833, 1851, 1865, 1889, 1905, 1927, 1955, 1977, 1999, 2019. అనగా తరానికి ఒక్కసారి. చూచినవారు దానితోనే తమ వయస్సు లెక్కపెట్టుకొంటారు. పుష్కరాలతో వయస్సు లెక్కించుకొనే మనకు ఇది తెలియని పద్ధతి కాదు.

2019లో వెవే సంత మైదానాన, సరస్సు ఒడ్డున, 20,000 మంది కూర్చునే రంగస్థలం కట్టారు. ఆటపాటలలో పాల్గొన్నవారు 5,000కు పైగా ఉన్నారు. వారిలో అధికులు వృత్తి నటులు కారు, చుట్టుపట్ల ఊళ్ళవారే. 2016లో యునెస్కో ఈ ఉత్సవాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకొన్నది. స్విట్జర్లాండు నుంచి ఆ జాబితా కెక్కిన మొదటి ఆచారం ఇదే.

ఓటుతో నిలిచిన కొండ

20వ శతాబ్దపు నడిమి భాగం దాటేసరికి ఈ కొండకు వానకంటె పెద్ద ముప్పు వచ్చినది. లోజాన్, వెవే పట్టణాలు పెరుగుతున్నవి. సరస్సు కనిపించే వాలు. ఎవరికి ఆశ పుట్టదు? తోటలో పండే పంటకంటె ఆ స్థలాన ఇల్లు కడితే వచ్చే రొక్కం ఎన్నో రెట్లు. 1974లో లోజాన్ నుంచి తూర్పుగా పోయే మోటారు రహదారి తోటల పైభాగాన తెరుచుకొన్నది. ఇక ఇండ్లు రావడం ఎంతసేపు?

ఫ్రాంజ్ వెబర్ అనే ఉద్యమకారుడు (1927-2019) ఇందుకు ఎదురు తిరిగినాడు. ఆయన ఆ సీమలో పుట్టినవాడు కాడు, బాసెల్ నగరంవాడు. ఆ దేశంలో నిర్ణీత సంఖ్యలో పౌరులు సంతకాలు చేస్తే, ఏ విషయాన్నైనా ప్రజల ఓటుకు పెట్టవలసి ఉంటుంది. లవోను కాపాడాలన్న ప్రతిపాదన ఆ విధంగా వో కాంటన్ ఓటర్ల ముందుకు వచ్చినది. 1977 జూన్‌లో వారు దానిని ఆమోదించారు. లవో రక్షణ కాంటన్ రాజ్యాంగంలో చేరినది. 1979లో దానికి తగిన చట్టమూ వచ్చినది. ఆ ఏడే వేసవిలో, అనగా 1977లో, వెవేలో తోటమాలుల ఉత్సవం కూడా జరగడం చక్కని కలయిక.

కథ అంతటితో ముగియలేదు. 2003లో కాంటన్ కొత్త రాజ్యాంగం వ్రాసుకొన్నప్పుడు ఆ నిబంధన జారిపోయినది. వెబర్ మరల సంతకాలు కూడగట్టినాడు. 2005లో ప్రజలు పెద్ద మెజారిటీతో దానిని తిరిగి చేర్చారు. 2007లో లవో తోటలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కినవి.

ఆ పిమ్మట జరిగినది మరింత ఆలోచించదగినది. 2014లో మరింత కఠినమైన కట్టుబాట్లు కోరుతూ వెబర్ మూడవ ప్రతిపాదన తెచ్చినాడు. ఈసారి తోటల రైతులే అభ్యంతరం చెప్పారు. కొట్టం పెంచుకోవాలన్నా, పనిముట్లకు పాక వేసుకోవాలన్నా వీలులేకపోతే సేద్యం ఎట్లా సాగుతుందని వారి వాదన. సేద్యం ఆగితే గోడ ఎవరు చూస్తారు, మన్ను ఎవరు మోస్తారు? ప్రజలు వెబర్ ప్రతిపాదనను తోసిపుచ్చి, ప్రభుత్వం తెచ్చిన కొంత మెత్తని ప్రత్యామ్నాయాన్ని ఆమోదించారు. మా దృష్టిలో ఇరుపక్షాలూ తప్పు పట్టదగినవి కావు. వెబర్ లేకుంటే కొండ మిగిలేది కాదు. రైతు లేకుంటే మిగిలినా అది బొమ్మకొండే అయ్యేది.

నిలుపుకోలేనిది

ఇంత పట్టుదలగలవారు ఒకటి మాత్రం నిలుపుకోలేకపోయారు. వారి పూర్వుల మాట. ఈ పల్లెల రైతులు ఒకప్పుడు మాట్లాడినది నేటి ఫ్రెంచి కాదు. పాత్వా అని అందరూ పిలిచే మరొక పల్లెభాష. ఫ్రెంచికి అక్కచెల్లెలు వంటిది. గోడలు కట్టినవారు, బుట్టలు మోసినవారు ఆ భాషలోనే తిట్టుకొన్నారు, పిల్లలను జోకొట్టారు. 1806లో వో ప్రభుత్వం బడులలో దానిని నిషేధించినది. పిల్లవాడు బాగా చదువుకోవాలన్నదే అందులోని ఉద్దేశం. బడిలో లేని మాటను తల్లిదండ్రులు ఇంట కూడా తగ్గించారు. నాలుగైదు తరాలలో అది వో పల్లెలలో దాదాపు అంతరించినది. దానిని కాపాడాలని ఆ నాడు ఎవరూ సంతకాలు సేకరించలేదు. గోడ కూలితే కనిపిస్తుంది, మాట కూలితే కనిపించదు.

ఆ లోటు తోటమాలుల ఉత్సవంలో ఒక ఘట్టాన బయటపడుతుంది. 1819 నుంచి ఉత్సవంలో ఒక పశువుల కాపరుల పాట పాడటం ఆనవాయితీ. అది పక్కనున్న ఫ్రిబూర్ కాంటన్ కొండలలోని పాత్వాలో ఉన్నది. తెల్లవారుజామున ఆవులను పిలిచే పాట. కాపరులు వేదిక మీదికి వచ్చి ఎత్తుకోగానే వేలాది జనం నిశ్శబ్దమవుతారు. పల్లవి వద్ద మాటలకు అర్థం తెలియనివారు కూడా గొంతు కలుపుతారు. కళ్ళు తుడుచుకొనేవారూ ఉంటారు. అర్థం పోయినా రాగం మిగిలినది. దానికి సంతోషించాలో విచారించాలో మాకు తోచడం లేదు.

మన మాట

హోసూరులోనో, బరంపురంలోనో, బళ్ళారిలోనో, షోలాపూరులోనో ఉన్న మన కుటుంబాల సంగతి పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. బడిలో ఒక భాష, బజారులో ఒక భాష, ఇంట తెలుగు. మన ఇంటి తెలుగులో అవ్వలు వాడే సేద్యపు మాటలు, మగ్గపు మాటలు, వంటింటి మాటలు నేటి పుస్తకాలలో లేనివి ఎన్నో ఉన్నవి. పిల్లలు బాగుపడాలన్న సదుద్దేశంతోనే వాటిని మనమూ ఒక్కొక్కటే వదులుతున్నాము.

సెన్ సఫోరెన్ రైతు జారిన మట్టిని చూసి కూర్చోలేదు. ఏడాదికి ఒకసారి బుట్ట ఎత్తినాడు. మన సంఘాలవారు తలా ఒక బుట్టెడు ఎత్తితే చాలునని మా అభిప్రాయం. ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి, వారి నోట వినవచ్చే పాతమాటలు పది, వాటి అర్థంతో సహా, ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. పిల్లల చేతనే వ్రాయిస్తే మరీ మంచిది. అవ్వ చెబుతూ ఉండగా మనుమరాలు వ్రాసుకొంటే, ఆ పది మాటలూ ఆ ఇంట ఇంకొక తరం దాకా వినబడుతూ ఉంటవి.